పదకొండు లాప్‌టాప్‌ల్లో ఒకే ఊపిరి

పెళ్లయి రెండు నెలలైనా తిరక్కుండా హైమవతి తన మొగుడి ఊపిరిని ఒక లాప్‌టాప్‌లో పట్టుకుంది. కావాలని పట్టుకోలేదు. ఆదివారం పొద్దున్నే కిటికీ దగ్గర చాప వేసుకుని, పనసపొట్టు కూర ఎలా చెయ్యాలో అక్కకి టైపు చేస్తుంటే అదే వచ్చి పడింది. అప్పుడామె పెట్టిన కేకకి, మేడ మీద బట్టలారేస్తున్న భానోజీ ఆమె తడి చీర భుజాన వేసుకునే కిందికి పరుగెత్తుకొచ్చాడు. అయితే ఆ కేక అంత పెద్దగా ఎందుకు వచ్చిందో తెలియాలంటే ముందు శుక్రవారం సంగతి చెప్పాలి.

మహేంద్రతనయ విశ్వవిద్యాలయంలో పరీక్షలన్నీ లాప్‌టాప్‌ల మీదికి మారి కొన్నేళ్లయింది. కాగితాలు పోయాయి, చీటీలు పోయాయి, కాపీ మాత్రం పోలేదు. చెవిలో మినపగింజంత యంత్రం దూర్చుకుని, బయటెక్కడో ఎవరో చదువుతుంటే విని టైపు కొట్టేవాళ్లు తయారయ్యారు. ఆ గింజ కంటికి కనపడదు, వెతికితే దొరకదు. దాన్ని పట్టుకోవడానికే ప్రొఫెసర్ తిరుపతిరావు గారూ, ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న హైమవతీ కలిసి ‘శ్వాసముద్ర’ తయారు చేశారు.

సొంతంగా ఆలోచించి రాసే మనిషి వేళ్లు ఆ మనిషి ఊపిరితోపాటే నడుస్తాయి. ఊపిరి తీసుకునే చోట వేళ్లు రవ్వంత ఆగుతాయి. ఇంకొకరు చెప్తుంటే విని రాసేవాడి వేళ్లు మాత్రం చెప్పేవాడి ఊపిరి దగ్గర ఆగుతాయి. పరీక్షకి ముందు ప్రతి విద్యార్థీ తన ఊరి గురించి ఒక పేజీ టైపు చేస్తాడు. అది అతని సొంత ఊపిరి. ఆ తర్వాత జవాబుల్లో వేరే ఊపిరి కనపడితే తెర మూలనున్న పచ్చదీపం ఎర్రబడుతుంది. కిందటేడు ఒక కుర్రవాడు ఇలాగే దొరికాడు. చెవిలోంచి గింజ తీయించేసరికి వాడే ఆశ్చర్యపోయి, “మీ మిషను బాగుందండీ” అని మెచ్చుకుని మరీ వెళ్లాడు.

ఆ శుక్రవారం పలాస దగ్గరి డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం పరీక్ష. శ్రీకాకుళంలోని ప్రయోగశాలలో కూర్చుని హైమ తెర మీద ఆ హాలు పటం చూస్తోంది. పచ్చ చుక్కల మధ్య ఒకటి ఎర్రబడింది. పక్కన ఇంకొకటి. చూస్తుండగానే పదకొండు.

“సార్!” అంది.

తిరుపతిరావు గారు టీ గ్లాసు పట్టుకునే వచ్చారు. పదకొండింటిలోనూ ఉన్న పరాయి ఊపిరి ఒక్కటే. దాని సొంతదారు ఎవరో వెతకమని యంత్రానికి చెప్పారు. అది క్షణంలో వెతికిపెట్టింది. అదే హాల్లో, కిటికీ పక్క బల్ల, పన్నెండో అమ్మాయి. పేరు నూకరత్నం. ఆమె దీపం మాత్రం నిండు పచ్చగా ఉంది.

“ముఠా! నాయకురాలితో సహా దొరికింది. ఇంక ఈ యంత్రాన్ని కొననన్న విశ్వవిద్యాలయం ఉండదు హైమా!” అని ఆయన టీ గ్లాసు పైకెత్తారు.

కానీ హాల్లో జడలు విప్పించి వెతికినా, గాజులు తీయించి చూసినా ఏమీ దొరకలేదు. వీడియోలో హైమే నూకరత్నంతో మాట్లాడింది. సన్నటి అమ్మాయి. నిలబడి మాట్లాడడానికే ఆయాసపడుతోంది.

“నా పేపరు నేను రాసుకుంతానా మేడమ్, పదకొండుమందికి సెప్తానా? నాకున్నది ఒక్క నోరే కదా!”

పరీక్షల నియంత్రణాధికారి పట్నాయక్ గారికి ఆ జవాబు నచ్చలేదు. మంగళవారం విచారణ పెట్టారు. నేరం రుజువైతే పదకొండుమందీ మూడేళ్లు పరీక్షలకి కూర్చోకూడదు. నూకరత్నం పేరు విశ్వవిద్యాలయం నుంచే కొట్టేస్తారు. మళ్లీ ఎక్కడా చేరే వీలుండదు. ఒక్క నోరు అన్న ఆ మాట మాత్రం హైమని ఇంటిదాకా వదల్లేదు.

ఆ చిరాకుతోనే యంత్రాన్ని పరీక్షించి చూద్దామని శనివారం ఒక లాప్‌టాప్ ఇంటికి తెచ్చుకుంది. ఇల్లంటే రెండు గదులూ, ఒక మేడా. ఆ మేడ మీద రెండు తువ్వాళ్లు పక్కపక్కన ఎగరడం చూసినా హైమకి ఇంకా నవ్వొస్తూనే ఉంది. భానోజీ హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. వంట బాగా చేస్తాడు. పెళ్లయిన మొదటి వారమే ఆమెని పీట మీద కూర్చోబెట్టి, తను పనసపొట్టు పిండుతూ కూర పాఠం చెప్పాడు. డ్రిల్లు చెప్పినట్టే చెప్పాడు. “పోపులో ఆవాలు...” అని గుక్క పట్టి ఆగేవాడు. నూనెలో ఆవాలు చిటపటలాడేదాకా పెదవి కదిపేవాడు కాదు. తర్వాత ఒక్కసారిగా “...ఇంగువ!” అనేవాడు. హైమ పీట మీద ఉలిక్కిపడేది.

ఆదివారం పొద్దున ఆ కూరే ఆమె అక్కకి రాస్తోంది. పోపు దాకా వచ్చింది. దీపం ఎర్రబడింది.

హైమ వెనక్కి చూసింది. గదిలో ఎవరూ లేరు. చెవి తడుముకుంది. జూకా తప్ప ఏమీ లేదు. తెర మీద గీత చూసింది. కొంచెం కదలిక, పెద్ద ఆగడం, ఒక్కసారిగా దూకుడు. మళ్లీ ఆగడం, మళ్లీ దూకుడు. తన వేళ్లలోంచి డ్రిల్లు మాస్టారు నడిచి వస్తున్నాడు.

అప్పుడే ఆ కేక.

“ఏమైంది? తేలు కుట్టిందా?” అంటూ భానోజీ గుమ్మంలో నిలబడ్డాడు. భుజం మీది చీర నీళ్లు కారుస్తోంది.

“మీరే!” అంది హైమ. “మీరు ఇందులో ఉన్నారు. ఇదిగో చూడండి, ఇక్కడ ఇంగువ!”

అతను వంగి గీత చూశాడు. అర్థం కాలేదుగాని భార్య మొహం చూసి అతనికీ నవ్వొచ్చింది. “నేను మేడ మీదుంటే ఇందులోకి ఎలా వచ్చానోయ్?”

ఆ ప్రశ్నతో హైమ నవ్వు టక్కున ఆగింది. అతను చెప్పి నెల దాటింది. ఆ మాటలు తన తలలోకి ఒట్టిగా వెళ్లలేదు. చెప్పినవాడి ఊపిరితో సహా వెళ్లి కూర్చున్నాయి. గుర్తు తెచ్చుకున్నప్పుడు ఊపిరి కూడా వెంట వచ్చింది. చెవిలో ఇప్పుడు వినపడుతున్న గొంతుకీ, ఎప్పుడో విని దాచుకున్న గొంతుకీ తేడా యంత్రానికి తెలియదు. తెలియాలని తయారు చేసినవాళ్లకీ తోచలేదు.

“అయితే ఆ పదకొండుమందీ...” అంది మెల్లగా, “ఎప్పుడో ఆ పిల్ల దగ్గర విన్నారు.”

వెంటనే తిరుపతిరావు గారికి ఫోన్ చేసింది.

“అమ్మా, పనసపొట్టు కూర పట్టుకెళ్లి పట్నాయక్ గారి ముందు పెట్టగలమా?” అన్నారాయన. “మన యంత్రం తప్పని మనమే చెప్పుకుంటే నీ పరిశోధన ఏమవుతుందో ఆలోచించుకున్నావా? ఇన్నేళ్ల కష్టం.”

“ఆలోచించుకున్నాను సార్. ఆ పిల్లకి జరగబోయేది కూడా ఆలోచించాను.”

“రుజువు కావాలి. ఉత్త ఊహ చాలదు.”

“రేపు పలాస వెళ్లొస్తాను.”

సోమవారం భానోజీ సెలవు పెట్టాడు. ఇద్దరూ పాసింజరు బండెక్కారు. కిటికీ పక్క సీటు దొరికినందుకు హైమ సంబరపడింది, అంతలోనే ఎందుకు వెళుతోందో గుర్తొచ్చి సంబరాన్ని చీర కొంగులో మూటగట్టుకున్నట్టు సర్దుకుంది. పలాసలో దిగగానే కాల్చిన జీడిపిక్కల వాసన గుప్పుమంది. ఆ అమ్మాయిలు ఎక్కడుంటారని కాలేజీలో అడిగితే, మధ్యాహ్నం నుంచీ జీడిపప్పు షెడ్డులో ఉంటారని చెప్పారు.

రేకుల షెడ్డు. ఫ్యాన్లున్నాయిగాని పొట్టు ఎగురుతుందని ఆపేసి ఉన్నాయి. గచ్చు మీద గుండ్రంగా కూర్చుని పదకొండుమందీ పప్పు మీద పొట్టు తీస్తున్నారు. వేళ్లు చకచకా కదులుతున్నాయి, ఒక్కరూ మాట్లాడటం లేదు. నూకరత్నం దూరంగా గోడవైపు తిరిగి కూర్చుని ఒలుస్తోంది.

హైమ ఎవరో తెలియగానే ఢిల్లేశ్వరి అనే అమ్మాయి లేచి నిలబడింది. కోపం దాచుకోలేదు.

“మల్లీ ఏటి మేడమ్? జడలు ఇప్పి సూసినారు, గాజులు తీసి సూసినారు. ఇంకేటి సూత్తారు?”

“ఏమీ చూడను. ఒకటి అడుగుతాను. పాఠాలు మీరు ఎలా చదువుతారు?”

వాళ్లు మొహమొహాలు చూసుకున్నారు.

“ఎలగేటి, ఇక్కడే,” అంది ఢిల్లేశ్వరి. “సేతులు ఖాళీ ఉండవు కదా మేడమ్. సెవులు ఖాళీయే. రత్నం పుస్తకం ఒళ్లో ఎట్టుకుని సదువుతాది, మేం పప్పు ఒలుసుకుంతా ఇంతాం. దాని కూలి పోకండా తలా గుప్పెడు ఒలిసి దాని బుట్టలో ఏసేత్తాం. మూడేళ్లనించీ ఇదే.”

“ఈ మాట శుక్రవారమే ఎందుకు చెప్పలేదమ్మా?”

“సెవిలో మిషనెట్టుకున్నారా అనడిగినారు. నేదన్నాం. షెడ్డులో ఎవరు సదువుతారని ఎవరడిగినారు?”

హైమకి కళ్లు చెమ్మగిల్లాయి. గోడవైపు చూసింది. “రత్నం, ఒక్కసారి చదువుతావా? శుక్రవారం పరీక్షలో వచ్చిన పాఠం.”

నూకరత్నం తిరగలేదు. “నాను సదవను మేడమ్.”

“శుక్రవారం నించీ ఇంతే,” అంది ఢిల్లేశ్వరి గొంతు తగ్గించి. “తన నోరే మా కొంప ముంచిందంట. అన్నం కూడా సరిగ్గా తినడం నేదు. ఇది సదవకపోతే ఈ షెడ్డులో మాకు పొద్దు కదలడం నేదు మేడమ్.”

హైమ గచ్చు మీద చతికిలబడి, తన కూర కథ మొదలుపెట్టింది. మొగుడు డ్రిల్లు మాస్టారనీ, పోపు పెట్టేటప్పుడు కూడా సావధాన్ అన్నట్టే చెప్తాడనీ, ఆ ఆగడం తన వేళ్లలోకి వచ్చి కూర్చుందనీ చెప్పింది. తలుపు దగ్గర నిలబడ్డ భానోజీ సిగ్గుపడి పక్కకి చూశాడు.

“ఒక్కసారి అనండి,” అంది హైమ.

“ఇక్కడా?”

“ఇక్కడే.”

భానోజీ గొంతు సవరించుకున్నాడు. “పోపులో ఆవాలు...” గుక్క పట్టాడు. షెడ్డంతా అతని మొహంలోకి చూసింది. “...ఇంగువ!”

ఒకమ్మాయి చేతిలో పప్పు జారిపోయింది. మొదట ఢిల్లేశ్వరి నవ్వింది, తర్వాత అందరూ. గోడవైపునుంచి కూడా చిన్న నవ్వు, దాని వెంట దగ్గు వినిపించాయి. నూకరత్నం కొంగుతో నోరు మూసుకుని ఇటు తిరిగింది.

“ఇంతకీ ఆ కూరలో ఉప్పెప్పుడేత్తారు బావా?” అని ఎవరో అడిగేసరికి మళ్లీ నవ్వులు.

నూకరత్నం పుస్తకం అందుకుంది. పొట్టు అంటిన వేళ్లని ఓణీకి తుడుచుకుని పేజీ తీసింది. చదవడం మొదలుపెట్టాక అది వేరే గొంతు. జీడిపిక్కలు కాల్చే పొగకి పట్టేసిన ఛాతీ, నాలుగైదు మాటలకొకసారి చిన్న ఊపిరి. అయినా ఎంత తేటగా ఉందో! “వేరు నీటిని పీల్చుకోవడానికి... పల్చటి పొర...” అన్నదో లేదో పక్క గదిలో పప్పు జల్లించే యంత్రం గడగడమని మొదలైంది. నూకరత్నం మాట మధ్యలోనే ఆగిపోయింది. ఎవరూ తల ఎత్తలేదు. అందరూ అలవాటుగా ఎదురు చూశారు. చప్పుడు ఆగింది. “...సాయపడుతుంది,” అంటూ ఆమె అక్కడి నుంచే అందుకుంది.

హైమ లాప్‌టాప్ తెరిచింది. శుక్రవారం నాటి పదకొండు జవాబులు. పదకొండింటిలోనూ ‘పల్చటి పొర’ తర్వాత పొడుగాటి ఖాళీ. జల్లెడ యంత్రం తిరిగినంత ఖాళీ.

“ఆ యంత్రం రోజూ ఇదే వేళకి వేస్తారా?”

“రోజూ ఇదే ఏళకి. అప్పటికి రోజూ కొత్త పాఠంలో ఇక్కడికే వస్తాది మేడమ్, మొదటి పేజీ సివర,” అంది నూకరత్నం. “మొదటిసారి సదివినప్పుడు ఎక్కడ ఆగానో, మల్లీ మల్లీ సదివినా అక్కడే ఆగుతాను. అలవాటైపోయింది.”

హైమ లేచి ఆ పిల్లని గట్టిగా కౌగిలించుకుంది. చీర నిండా జీడిపొట్టు. తిరుగు ప్రయాణంలో దాన్ని దులపబోయిన భానోజీ చెయ్యి పట్టుకుని ఆపింది. “ఉండనివ్వండి, రేపు నాకు సాక్ష్యం.”

మంగళవారం విచారణ గదిలో పట్నాయక్ గారు ఎప్పట్లాగే మడత నలగని చొక్కాతో కూర్చున్నారు. పన్నెండుమంది అమ్మాయిలూ గోడ పక్కన బెంచీల మీద ఉన్నారు. హైమ చెప్పిందంతా ఆయన విన్నారు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టారు.

“పనసపొట్టు, జల్లెడ, ఊపిరి. బాగుంది తల్లీ. కానీ నేను కూరల మీద తీర్పు ఇవ్వలేను.”

“అయితే మీరే టైపు చెయ్యండి సార్,” అంది హైమ. “మీ ఊపిరి యంత్రం దగ్గర ఉంది. రోజూ మీరు పంపే ఉత్తరువులన్నీ మీరే కొడతారు కదా, వాటినుంచే తీసుకున్నాం. ఇప్పుడు చిన్నప్పుడు నోటితో నేర్చుకున్నది ఏదైనా రాయండి.”

“ఎక్కం రాయమంటావా?” అని వెటకారంగా నవ్వారు.

“పదమూడో ఎక్కం.”

ఆయన లాప్‌టాప్ దగ్గరికి లాక్కుని అక్షరాల్లో టైపు చెయ్యడం మొదలెట్టారు. పదమూడొకట్ల పదమూడు. పదమూడు రెళ్లు ఇరవయ్యారు. మూడో వరస దాటగానే వేళ్లు ఆగాయి. మళ్లీ కదిలాయి. మళ్లీ మూడు వరసలకి ఆగాయి. దీపం ఎర్రబడింది.

పట్నాయక్ గారు అప్రయత్నంగా చూపుడు వేలితో తన చెవి తడుముకున్నారు. బెంచీ మీదినుంచి ఢిల్లేశ్వరి నవ్వబోయి ఆపుకుంది.

“మీకు ఎవరో చెప్తున్నారు సార్,” అంది హైమ మెత్తగా. “మూడు వరసలకోసారి ఆగి చెప్తున్నారు. ఎవరు సార్?”

ఆయన తెర మీది ఖాళీలని వేలితో లెక్కపెట్టారు.

“మా నాయన,” అన్నారు. ఆ గొంతు ఆఫీసు గొంతు కాదు. “మూడు వరసలు చెప్పి చుట్ట పీల్చేవాడు. పొగ వదిలేదాకా నాలుగోది అనకూడదు. అంటే మొట్టికాయ.” కళ్లజోడు అందుకుంటూ, “ఆయన పోయి నలభై ఏళ్లు కావస్తోంది,” అన్నారు.

కళ్లజోడు పెట్టుకున్నాక మాత్రం మళ్లీ అధికారే అయ్యారు. “సరే. నేను విన్నవాణ్ణే. కానీ రేపు చెవిలో గింజ పెట్టుకున్నవాడూ ఇదే చెప్తాడు. వాడికీ నాకూ తేడా చూపించు.”

హైమ దానికీ సిద్ధంగానే వచ్చింది. కిందటేడు దొరికిన కుర్రవాడి జవాబు తెర మీద పెట్టింది. మొదటినుంచి చివరిదాకా ఒకే నడక. వింటూ రాసేవాడికి వెనక్కి వెళ్లే తీరిక ఉండదు. వెళ్తే ముందు మాట జారిపోతుంది. తర్వాత ఢిల్లేశ్వరి జవాబు పెట్టింది. ఆమె పై పేరాకి వెళ్లి మర్చిపోయిన మాట చేర్చింది, బొమ్మ దగ్గర గుర్తులు మార్చింది, ఒక వాక్యం కొట్టేసి మళ్లీ రాసింది. పదకొండుమందీ అలాగే వెనక్కీ ముందుకీ తిరిగారు.

“ఇంకొకటి సార్. నాచుల గురించిన ప్రశ్నకి ఒక్కరి దీపమూ ఎర్రబడలేదు.”

“తుపానుకి షెడ్డు మూసేశారండీ,” అంది నూకరత్నం లేచి నిలబడి. “ఆ పాఠం ఎవరిది వోళ్లే సదువుకున్నారు.”

అప్పటిదాకా మాట్లాడని తిరుపతిరావు గారు గొంతు విప్పారు. “యంత్రం అబద్ధం చెప్పలేదు పట్నాయక్ గారూ. వీళ్లలో ఈ పిల్ల గొంతు ఉందని చెప్పింది. ఉంది. దానికి కాపీ అని పేరు పెట్టింది మేము. ఆ తప్పు నాది.” హైమ వైపు తిరిగారు. “కనిపెట్టింది మాత్రం ఈ అమ్మాయి.”

పట్నాయక్ గారు విచారణ అక్కడికక్కడే ముగించారు. పన్నెండుమంది మీదా ఏ మచ్చా లేదని చదివి వినిపించారు. బెంచీల దగ్గర ఒక్కసారిగా ఈలలు, చప్పట్లు. విచారణ గదిలో ఈలలేమిటని ఆయన కోప్పడాలి. కోప్పడలేదు. నూకరత్నాన్ని దగ్గరికి పిలిచి అడిగారు.

“అమ్మాయ్, వీళ్లకి మూడేళ్లు చదివి వినిపించావు. నీకెవరు చదివారు?”

“నాకెవలూ నేరండి. పైకి సదివితే నాకూ వొచ్చీసింది.”

ఫలితాలొచ్చాక పన్నెండుమందీ పాసయ్యారు. ఎమ్మెస్సీ ప్రవేశ జాబితాలో నూకరత్నం పేరు మొదటి వరసలో ఉంది. శ్వాసముద్రలో పచ్చకీ ఎరుపుకీ మధ్య పసుపు దీపం వచ్చింది. వెనక్కి తిరిగి దిద్దుకునే చేతుల్లో ఇంకొకరి గొంతు వినపడితే పసుపు వెలుగుతుంది. మొదటిసారి దాన్ని హాల్లో పెట్టిన రోజున ఎన్ని బల్లల మీద పసుపు వెలిగిందో చూసి తిరుపతిరావు గారు టీ తాగడం మర్చిపోయారు. షెడ్డులో ఇప్పుడు ఢిల్లేశ్వరి చెల్లెళ్ల జట్టు కూర్చుంటోంది. జల్లెడ వేసేముందు పక్క గదిలోంచి ఎవరో ఒకరు “పేరా అయిందా?” అని అడిగి వేస్తున్నారు.

ఒక ఆదివారం హైమ కూరలు తరుగుతోంది. భానోజీ లాప్‌టాప్ ముందేసుకుని వాళ్లమ్మకి ఈ కథంతా రాస్తున్నాడు. భార్య నోట వినీ వినీ అతనికి కంఠతా వచ్చేసింది.

“హైమా, పసుపు వెలిగింది!”

ఆమె కత్తిపీట వదిలి పరుగెత్తుకొచ్చింది. తెర మీద గీత ఎక్కడా ఆగకుండా గలగలా పరుగెడుతోంది.

“నేనింత గుక్క తిప్పుకోకుండా మాట్లాడతానా?”

“ఇన్నాళ్లూ నేను చెప్తే నమ్మావు కాదు. ఇప్పుడు నీ మిషనే చెప్తోంది.”

హైమ అతని నెత్తి మీద మొట్టబోయి ఆగింది. గీతలో ఒకే ఒక్క చోట పొడుగాటి ఖాళీ ఉంది. అక్కడ ఏముందో చదివింది. ‘“మా నాయన,” అన్నారు పట్నాయక్ గారు’ అని ఉంది.

నిజమే, ఎన్నిసార్లు చెప్పినా ఆ మాట దగ్గర ఆమె ఆగుతుంది. ఆ చోట అతని వేళ్లూ ఆగాయి.